శాస్త్రజ్ఞుల కీర్తిలో తరతమాలు

ఐన్‌స్టీన్ పేరు వినని విద్యార్థి లేడు. ఎమ్మీ నోథర్ పేరు విన్నవారెందరు? భౌతికశాస్త్రం జనానికి అర్థమవుతుంది, గణితం కాదు, అందుకే యీ తేడా అంటారు. నేను ఒప్పుకోను. సాపేక్ష సిద్ధాంతం అర్థమయ్యాకనే జనం ఐన్‌స్టీన్‌ను మెచ్చుకున్నారా?

1919 మే 29న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చింది. నక్షత్రాల వెలుగు సూర్యుని పక్కన వంగుతుందని బ్రిటిష్ శాస్త్రజ్ఞులు ఫొటోలు తీసి, నవంబరులో లండన్‌లో ప్రకటించారు. నిన్నటి శత్రుదేశంలో పుట్టిన సిద్ధాంతాన్ని ఇంగ్లీషువారు రుజువు చేశారు! పత్రికలకు ఇంతకన్న యేం కావాలి? ఆ సిద్ధాంతానికి పునాది అయిన జ్యామితిని రీమన్ 1854లోనే చెప్పాడు. దాన్ని ఐన్‌స్టీన్‌కు అందించినవాడు సహాధ్యాయి గ్రాస్‌మన్. వారి పనికి ఫొటో లేదు.

సరుకును చూస్తే అందులోని శ్రమ కనిపించదు. భౌతికశాస్త్రంలో గణితం గతీ అంతే. పైగా 1945లో హిరోషిమా తర్వాత, రాజ్యాలకు భౌతికశాస్త్రజ్ఞునితో యెంత అవసరమో లోకానికంతకూ తెలిసింది. (గణితానికి నోబెల్ బహుమతి లేకపోవడానికి ఆయన భార్యను గురించి చెప్పే కథ వట్టిది. నోబెల్ పెళ్ళే చేసుకోలేదు.)

కీర్తి దేనికి, సత్యం చాలదా అనే మిత్రులున్నారు. కడుపునిండినవాడికి చాలుతుందేమో. నోథర్‌ను 1915లో హిల్బర్ట్, క్లైన్ గోటింగెన్‌కు పిలిచారు. స్త్రీ గనుక పాఠం చెప్పే హక్కు లేదన్నారు. హిల్బర్ట్ పేరుతో ప్రకటన వేసి, ఆమె పాఠం చెప్పేది. యేళ్ళ తరబడి జీతం లేదు. ప్రకృతి నియమం నిన్న, నేడు, రేపు ఒక్కటే అయితే దానినుంచే శక్తి నిత్యత్వం వస్తుందని నిరూపించిన సిద్ధాంతం 1918లో ఆమె ప్రకటించిందే. శక్తి నిత్యత్వాన్ని బడిలోనే నేర్చుకుంటాం. ఆ పేరు వినకుండానే చాలామంది చదువు ముగుస్తుంది.

ఆమె యూదు స్త్రీ, వామపక్షాభిమాని. 1928-29లో మాస్కోలో పాఠాలు చెప్పివచ్చింది. 1933లో నాజీలు ఉద్యోగం తీసివేశారు. అదే యేడు ఐన్‌స్టీన్ జర్మనీకి తిరిగి వెళ్ళననడం ప్రపంచవార్త అయింది. ప్రిన్స్‌టన్‌లో ఆయనకు శాశ్వతమైన చోటు దొరికింది. నోథర్‌కు అమెరికాలోనే ఒక స్త్రీల కళాశాలలో తాత్కాలికపు పని దొరికింది. కీర్తి అంటే పూలదండే కాదు, కష్టకాలంలో తలదాచుకునే చూరు కూడా. ఆ చూరును పంచేది పత్రికలూ ప్రభుత్వాలూ అయినంతకాలం, అది పనిని బట్టి దొరుకుతుందనుకోవడం భ్రమ.

1935 ఏప్రిల్‌లో, 53వ యేట, ఆమె చనిపోయింది. ఆమె యెంతటిదో అమెరికా పాఠకులకు చెప్పడానికి మే నెలలో న్యూయార్క్ టైమ్స్‌కు లేఖ రాసినవాడు ఐన్‌స్టీన్.