కొలత ఎవరిది?

స్త్రీలు పురుషుల దుస్తులు వేసుకోవచ్చునా అనే ప్రశ్న పైకి చిన్నదిగానే కనిపిస్తుంది. కూలిరేట్లు, భూమి, చదువు, ఉద్యోగం వంటి సమస్యలు ఇన్ని ఉండగా చొక్కాల గురించీ, ప్యాంట్ల గురించీ చర్చ ఏమిటని అడిగేవారు మన మిత్రులలోనే ఉన్నారు. కాని సమాజం ఒక మనిషికి కట్టే విలువ మొట్టమొదట కంటికి కనిపించేది ఆ మనిషి కట్టుకున్న బట్టలోనే. ఎవరు ఏమి కట్టుకోవాలో శాసించగలిగినవాడు వారి పనినీ, నడకనీ, మాటనీ కూడా శాసించగలుగుతాడు. గనుక ఈ ప్రశ్నను చిన్నదని తోసివేయకుండా కొంచెం ఓపికతో పరిశీలించడం అవసరం.

స్త్రీలు మగవారి తరహాలో దుస్తులు వేసుకోవడం ఎలా అని సలహాలిచ్చే రాతలు ఇప్పుడు కోకొల్లలుగా వస్తున్నాయి. చొక్కాను మగవారి దుకాణంలోనే కొనమంటారు. భుజం కుట్టు సరిగ్గా భుజం ఎముక మీదనే ఉండాలంటారు. చేతులు మోచేతి దాకా మడవమంటారు. నడుము దగ్గర దర్జీచేత కొంచెం బిగువు చేయించమంటారు. ఇస్త్రీ మడత చెదరని ప్యాంటు, తాళ్ల బూట్లు, పెద్ద చేతిగడియారం ఉండాలంటారు. ఇంతవరకూ బాగానే ఉంది. కాని చివరకు వచ్చేసరికి ఒక హెచ్చరిక తప్పకుండా ఉంటుంది: ఆడతనం మాత్రం పోకుండా చూసుకోండి, పెదవులకు రంగు వేయండి, చెవులకు ఏదైనా సన్నని నగ పెట్టండి అని. అంటే సగం సలహా మగవాడిలా కనిపించడానికి. మిగిలిన సగం మగవాడైపోలేదని చూసేవారికి హామీ ఇవ్వడానికి. కోటు తొడుక్కునే మగవాడికి నీ మగతనం పోకుండా చూసుకో అని ఎవరైనా చెప్పారా? చెప్పరు. కోటు అతనిదని అందరికీ తెలుసు. ఆమెకు అది ఎరువు సొమ్ము.

ఈ విషయంలో ముగ్గురు మూడు రకాలుగా మాట్లాడుతున్నారు. సంప్రదాయవాది సంస్కృతి నాశనమైపోయిందని గుండెలు బాదుకుంటాడు. వ్యాపారి ఇదే స్వేచ్ఛ అని చెప్పి వెల చీటీ అంటిస్తాడు. మూడోవాడు మన అభ్యుదయవాది. పూలూ గాజులూ మానేసి చొక్కా వేసుకున్న అమ్మాయిని చూసి ఈమె మనలో మనిషి అని మెచ్చుకుంటాడు. ఈ ముగ్గురూ పరస్పర శత్రువులుగా కనిపిస్తారు గాని ఒక విషయంలో ముగ్గురిదీ ఒకే అభిప్రాయం. మగ దుస్తు పైమెట్టు, ఆడ దుస్తు కిందిమెట్టు అని ముగ్గురూ నమ్ముతున్నారు. ఆమె పైకి ఎక్కుతుందేమోనని మొదటివాడి భయం. రెండవవాడు నిచ్చెన అమ్ముతాడు. మూడవవాడు ఎక్కినందుకు అభినందిస్తాడు. ఈ మెట్లు ఎవరు కట్టారని ఒక్కరూ అడగరు.

ఆ మాట చరిత్రను అడగవలసి ఉంది. ఫ్రెంచి విప్లవం జరిగి పట్టుమని పన్నెండేళ్లు కాకుండానే, 1800 నవంబరులో, పారిస్ పోలీసు అధికారి ఒక ఉత్తర్వు జారీ చేశాడు. పురుషవేషం ధరించదలచిన స్త్రీ పోలీసు కార్యాలయానికి వచ్చి అనుమతి పొందాలి. అందుకు వైద్యుడి ధ్రువపత్రం కావాలి. 1850లలో రోజా బోనర్ అనే చిత్రకారిణి గుర్రాల సంతలలోనూ, కబేళాలలోనూ తిరిగి జంతువులను చిత్రించడంకోసం ఇటువంటి అనుమతి పొందింది. 1857 నాటి ఆమె అనుమతిపత్రం ఈనాటికీ ఉంది. అది ఆరు నెలలపాటు చెల్లుతుంది; పైగా ఆ వేషంలో నాటక ప్రదర్శనలకు గాని, నృత్యశాలలకు గాని, బహిరంగ సమావేశ స్థలాలకు గాని పోరాదు. 1892లోనూ, 1909లోనూ కొంత సడలింపు వచ్చింది: చేతిలో సైకిలు హ్యాండిలో, గుర్రపు కళ్లెమో ఉంటే ప్యాంటు తప్పుకాదన్నారు. ఆ ఉత్తర్వు ఎంతో కాలంగా అమలులో లేకపోయినా, అది చెల్లదని ఫ్రెంచి ప్రభుత్వం అధికారికంగా ప్రకటించినది 2013లో. స్వేచ్ఛ, సమానత్వం అని గోడలమీద చెక్కుకున్న దేశం స్త్రీ కాలికి ప్యాంటు తొడుక్కునే హక్కును కాగితం మీద ఒప్పుకోవడానికి రెండు శతాబ్దాలు దాటింది.

అయితే ఈ నిషేధాన్ని స్త్రీపురుష భేదంగా మాత్రమే చూస్తే సగమే చూసినట్టు. మిగిలిన సగం వర్గభేదంలో ఉంది. ఇంగ్లండులో 1842 చట్టం స్త్రీలను భూగర్భ గనులలో పనిచేయకుండా నిషేధించింది. అప్పటినుంచి లాంకషైర్‌లోని విగన్ ప్రాంతపు స్త్రీలు గని ఒడ్డున నిలబడి బొగ్గు జల్లించే పని చేశారు. తొట్ల మధ్యా, యంత్రాల మధ్యా లంగా చిక్కుకుంటే ప్రాణం పోతుంది గనుక వారు ప్యాంట్లు తొడిగి, పైన చిన్న గుడ్డ నడుముకు చుట్టుకునేవారు. పెద్దమనుషుల కంటికి ఇది ఘోరమైన అసభ్యతగా కనిపించింది. ఆ వేషంలో వారి ఫొటోలు తీసి వింతవస్తువులుగా అమ్మారు. 1880లలో వారిని గని ఒడ్డునుంచి కూడా తొలగించాలని ప్రయత్నం జరిగినప్పుడు నీతి పేరిట వచ్చిన వాదాలలో ఈ ప్యాంటు ఒకటి. 1887లో ఆ స్త్రీలు కొందరు లండను వెళ్లి, తమ పని తమకు ఉండనీయమని హోంమంత్రికి చెప్పుకోవలసి వచ్చింది. ఆ తరువాత 1966లో పారిస్‌లో ఇవ్ సాఁ లోరాఁ అనే దుస్తుల రూపకర్త మగవారి విందు కోటును స్త్రీలకోసం కుట్టించాడు. ఫ్యాషన్ చరిత్రలు దానిని ఒక విప్లవంగా రాసుకున్నాయి. బొగ్గు జల్లించే ఆడదాని కాలిమీద అసభ్యత అయినది సంపన్నురాలి కాలిమీద సాహసం ఎలా అయింది? గుడ్డ మారలేదు, ఆ గుడ్డలో ఉన్న మనిషి వర్గం మారింది.

మన దేశంలో దీనికి నిదర్శనం కోసం ఎక్కడికో పోనక్కరలేదు. మిరప కోతకు పోయే కూలిస్త్రీని చూడండి, పత్తి తీసే స్త్రీని చూడండి, రోడ్డు పనిలో తట్ట మోసే స్త్రీని చూడండి. చీర మీద మగవాడి పాత చొక్కా, పొడుగు చేతులది, గుండీలన్నీ పెట్టుకుని ఉంటుంది. తలకు తువ్వాలు చుట్టి ఉంటుంది. ఎండకు, ముళ్లకు, మిరప ఘాటుకు, పురుగుమందు తుంపరకు అదే ఆమె కవచం. ఈ చొక్కా సంగతి ఏ సలహా వ్యాసంలోనూ కనిపించదు. ఆమెను చూసి సంస్కృతి చెడిపోయిందని ఏ సంప్రదాయవాదీ వాపోలేదు. ఎందుకంటే పొలంలో ఆమె పని ఆగితే అతని ఇంటికి గింజ రాదు. అదే చొక్కా ఆమె కూతురు కాలేజీకి వేసుకుపోతే మాత్రం నీతి ప్రశ్న పుట్టుకొస్తుంది. దీన్నిబట్టి తేలేదేమంటే, పని అవసరమైనచోట బట్టకు ఆడా మగా భేదం లేదు. పెత్తనం అవసరమైనచోటనే ఆ భేదం పుడుతుంది.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. పని కోసం వేసుకున్న చొక్కా వేరు, గౌరవం కోసం వేసుకున్న కోటు వేరు. రెండవది అనుకరణే కదా, అనుకరణలో స్వేచ్ఛ ఎక్కడిది అని. ఈ ఆక్షేపణలో కొంత నిజం ఉంది. అమెరికాలో స్త్రీలు ఆఫీసు ఉద్యోగాలలోకి పెద్ద ఎత్తున ప్రవేశించిన కాలంలో, 1977లో, జాన్ మొల్లాయ్ అనే ఆయన ఉద్యోగినులు విజయం సాధించడానికి ఎటువంటి దుస్తులు వేసుకోవాలో ఒక పుస్తకం రాశాడు. ముదురు రంగు కోటు, దానికి జోడుగా స్కర్టు అన్నది ఆయన సిద్ధాంతం. ఆమె తెలివిని గుర్తించని యజమానిని మారమని చెప్పడం ఆ పుస్తకం పని కాదు. యజమాని కంటికి సరిపోయేటట్టు ఆమె మారడమే దాని పని. ఇటువంటి కోటు స్వేచ్ఛకు గుర్తు కాదు, ప్రవేశానికి చీటీ. కాని చీటీ లేకుండా లోపలికి రానివ్వని తలుపు ముందు నిలబడినదాన్ని, చీటీ ఎందుకు చూపించావని నిందించడం న్యాయమా?

ఈ ప్రశ్నకు మన సాహిత్యంలోనే జవాబు ఉంది. గురజాడ “కన్యాశుల్కం”లో వేషం మార్పు రెండుసార్లు జరుగుతుంది. కరటకశాస్త్రి శిష్యుడికి ఆడపిల్ల వేషం వేసి లుబ్ధావధాన్లుకు పెళ్లికూతురుగా అంటగడతాడు. మధురవాణి మగవేషం వేసుకుని సౌజన్యారావు పంతులు ఇంటికి వెళుతుంది. మనం మొదటిదాన్ని హాస్యంగానూ, రెండవదాన్ని నాటకీయతగానూ చూసి వదిలేస్తున్నాం. పక్కపక్కన పెట్టి చూస్తే గురజాడ చెప్పిన మాట వినిపిస్తుంది. ఆడవేషం వేయగానే మగపిల్లవాడు సరుకైపోయాడు; అతనికి ధర పలికింది. మగవేషం వేయగానే, అంతదాకా సరుకుగా ఉన్న స్త్రీ మాట వినదగినదైంది; వేశ్యలను దూరంగా ఉంచే నియమం గల పెద్దమనిషి ఆమె ఎదుట కూర్చుని మాట్లాడాడు. ఆమె తెలివి, ఆమెకు తెలిసిన నిజం వేషంతో వచ్చినవి కావు. అవి ముందునుంచీ ఆమెలో ఉన్నవే. అవి ఆ గడప దాటడానికి మగవేషం కావలసి వచ్చింది. సిగ్గుపడవలసింది మధురవాణి కాదు, గడప. పైగా ఆమె తన వేషాన్ని తానే బయటపెట్టింది. ఆ నిజాన్ని మగవాడి ఖాతాలో వేయకుండా తన ఖాతాలోనే ఉంచుకుంది.

దుస్తులలో సమానత్వం వచ్చిందా లేదా అని తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. ప్రశ్నను తిరగవేసి చూడాలి. కేరళలో కోళిక్కోడ్ జిల్లా బాలుస్సేరిలోని ప్రభుత్వ బాలికల పాఠశాలలో 2021 డిసెంబరులో ప్యాంటు, చొక్కాలను ఆడా మగా భేదం లేని యూనిఫారంగా ప్రవేశపెట్టారు. పరుగెత్తడానికీ, బస్సు ఎక్కడానికీ సుఖంగా ఉందన్నారు పిల్లలు. అది మంచిపనే. మరుసటి సంవత్సరం ఒక ప్రతిపక్ష నాయకుడు, ముఖ్యమంత్రి చీర కట్టుకుంటారా అని ఎద్దేవా చేశాడు. ఆయన ఉద్దేశం సంస్కరణను అడ్డుకోవడమే. కాని ఆ ఎగతాళిలో ఆయన అనుకోకుండా ఒక నిజం దొర్లింది. భేదం లేని దుస్తులని మనం పేరు పెట్టినది మగవాడి దుస్తులకే. ఆడపిల్ల ప్యాంటు వేస్తే ప్రగతి, మగవాడు చీర కడితే నవ్వులాట. స్థానం నరసింహారావు చీర కట్టి సత్యభామగా రంగం మీదికి వస్తే జనం నీరాజనాలు పట్టారు, 1956లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది గదా అనవచ్చు. ఇచ్చింది. కాని ఆ గౌరవం రంగస్థలం అంచు దాకానే. నాటకం ముగిశాక ఆ చీరతో బజారున నడిచేవాడికి ఏం దొరుకుతుందో మనకు తెలుసు. ఊరూరా హిజ్రాలకు దొరుకుతున్నదేమిటో చూస్తూనే ఉన్నాం. చీర నవ్వు పుట్టిస్తున్నంతకాలం చీర కట్టిన మనిషి స్థానం కిందనే ఉన్నదన్నమాట.

సామ్యవాదులు ఈ చిక్కును విప్పడానికి ప్రయత్నించకపోలేదు. 1923లో సోవియట్ చిత్రకారిణి వర్వారా స్తెపానొవా, నేటి దుస్తు అంటే పని దుస్తేనని వాదిస్తూ “లెఫ్” పత్రికలో రాసింది. దుస్తును అలంకారం నిర్ణయించరాదు, చేసే పని నిర్ణయించాలని ఆమె వాదం. మగవాడిని అనుకరించడం కంటె ఇది ఎంతో ముందడుగు. ఇక్కడ కొలత మగవాడు కాదు, పని. చైనాలో 1966 తరువాతి దశాబ్దంలో స్త్రీపురుషులు ఇంచుమించు ఒకే తీరు నీలి, బూడిదరంగు కోట్లు తొడిగారు. కాని కోటు ఒకటైనంత మాత్రాన పొయ్యి పంచుకోబడలేదు. ఫ్యాక్టరీలో మగవాడితో సమానంగా పనిచేసిన స్త్రీయే ఇంటికి వచ్చి వంట చేసింది. ఆమె అతని కోటు తొడిగింది గాని అతను ఆమె గరిటె పట్టలేదు. ఈ పాఠాన్ని మన సంఘాలు ఇంకా పూర్తిగా నేర్చుకున్నట్టు లేదు. చొక్కా వేసుకున్న కార్యకర్తను మెచ్చుకునే మనం, సభ ముగిశాక టీ గ్లాసులు ఎవరు కడుగుతున్నారో గమనిస్తున్నామా? పూలు పెట్టుకుని వచ్చిన అమ్మాయి చెప్పే రాజకీయ విశ్లేషణను అంతే శ్రద్ధతో వింటున్నామా?

ఇంతకూ స్వేచ్ఛ పేరిట దుకాణంలో వేలాడే ఆ చొక్కాను కుట్టింది ఎవరు? 2013 ఏప్రిల్ 24న ఢాకా సమీపంలో రానా ప్లాజా కూలి 1,134 మంది చనిపోయారు. వారిలో అత్యధికులు పాశ్చాత్య దేశాల దుకాణాలకు దుస్తులు కుట్టే స్త్రీలు. గోడలు బీటలు వారాయని ముందురోజే తెలిసినా వారిని పనిలోకి రప్పించారు. ఒక స్త్రీ భుజానికి కుట్టు సరిగ్గా కూర్చోవడం గురించి ఇన్ని సలహాలిచ్చే రాతలలో, ఆ కుట్టు వేసిన స్త్రీ భుజాల గురించి ఒక్క వాక్యం కూడా ఉండదు. అందుచేత వాటిని స్వేచ్ఛాసాహిత్యమని ఒప్పుకోలేము.

అయితే చొక్కా వేసుకోదలచిన అమ్మాయికి మనం చెప్పేదేమిటి? వేసుకో అనే. ఎండకో, సైకిలుకో, ఇష్టానికో, ఎందుకైనా సరే. అందుకు ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కరలేదు. కాలేజీ పెద్దలు అడ్డుపడితే ఆమె పక్షాన నిలబడడం మన విధి. చీర కట్టుకుని వచ్చిన ఆమె స్నేహితురాలిని వెనుకబడినదానిగా చూడకపోవడం కూడా అంతే విధి. దుస్తు మార్చుకునే హక్కు కోసం చేసే పోరాటం న్యాయమైనదే. మగవాడే కొలత అన్న భావాన్ని మార్చే పోరాటం ఇంకా మిగిలి ఉంది. అది అద్దం ముందు జరిగేది కాదు.

మిరపతోటలో పెనిమిటి చొక్కా తొడుక్కున్న ఆ కూలిస్త్రీని మరొకసారి తలుచుకుందాం. ఆమె ఎవరి సలహా లేకుండానే ఎన్నో ఏళ్లుగా మగవాడి చొక్కా వేసుకుంటున్నది. ఆ చొక్కాకు జేబు కూడా ఉంది. సాయంత్రం కూలి పంచేటప్పుడు ఆ జేబులో పడేది మాత్రం చాలా ఊళ్లలో ఈనాటికీ మగకూలి కంటె తక్కువే. చొక్కా కొలత సరిపోయింది. కూలి కొలత సరిపోలేదు. మనం సరిచేయవలసిన కొలత అది.