బాట మారినా మాట తప్పకండి

పరుగు పోటీలు నడిపే పెద్దలారా, రూట్ మ్యాపు ప్రకటించిన నాడే మీరు వేలమందికి మాట ఇచ్చారు. ఆ మాట నమ్మి ఉద్యోగస్తులు, ఇల్లాళ్లు నెలల తరబడి తెల్లవారుజామునే లేచి సాధన చేస్తారు. ఎక్కడ ఎత్తు వస్తుందో, ఎక్కడ నీళ్లు దొరుకుతాయో లెక్క వేసుకుంటారు. బాట మార్చవలసి రావడం తప్పు కాదు. రోడ్డు తవ్వుతారు, వాన ముంచెత్తుతుంది, పోలీసులు అనుమతి వెనక్కి తీసుకుంటారు. అవసరం వస్తే మార్చండి. మార్చినదాన్ని కొలవకపోవడం, కొలవలేదన్న సంగతి దాచడం అధర్మం.

మారథాన్ దూరం 42.195 కిలోమీటర్లని 1921లో స్థిరపడింది. దాన్ని కారు మీటరు చూసి కొలవరు. సైకిలు ముందు చక్రానికి తిరుగుళ్లు లెక్కించే చిన్న యంత్రం బిగిస్తారు. ఉక్కు టేపుతో కొలిచిన తిన్నని దారి మీద దాన్ని సరిచూసుకుంటారు. ఎండ ఎక్కేకొద్దీ టైరులో గాలి వేడెక్కి లెక్క మారుతుంది గనుక పని ముగిశాక మళ్లీ సరిచూస్తారు. మలుపుల్లో అంచుకు 30 సెంటీమీటర్ల ఎడంగా, అతి దగ్గరి దారినే తొక్కుతారు. అప్పటికీ తగ్గుతుందేమోనని కిలోమీటరుకు ఒక మీటరు కలుపుతారు. ఇంత శ్రద్ధగా కట్టిన లెక్కను ఆఖరి రాత్రి ఒక కోను జరిపి చెడగొట్టకండి. వెళ్లి తిరిగివచ్చే దారిలో మలుపు 100 మీటర్లు జరిగితే దూరం 200 మీటర్లు మారుతుంది.

ఇంగ్లండులోని మాంచెస్టరులో 2013 నుంచి 2015 దాకా మారథాన్ 380 మీటర్లు తక్కువగా జరిగిందని తర్వాత తేలింది. దాదాపు 24 వేలమంది సమయాలు చెల్లలేదు. ఆ దేశంలోనే 2021లో బ్రైటన్ మారథాన్ 568 మీటర్లు ఎక్కువైంది. అలసి సొలసిన కాళ్లకు ఆ అర కిలోమీటరు ఎంత భారమో పరుగెత్తినవారినే అడగండి.

అన్నిటికన్నా బాధాకరం 2013లో అక్కడి సండర్లాండ్‌లో జరిగిన మారథాన్. మొదటివాడు సరైన దారినే వెళ్లాడు. రెండు, మూడు స్థానాల్లో ఉన్నవారు దారి తప్పారు. వెనక వస్తున్న దాదాపు ఐదు వేలమందీ వారి వెంటే పోయారు. వారందరూ 264 మీటర్లు తక్కువ పరుగెత్తారు. పూర్తి దూరం ఆ ఒక్కడికే దక్కింది. ఆ వేలమందిని ఏమని తప్పుపట్టగలం? పరుగులో ఉన్న మనిషి మ్యాపు చూడడు, ముందువాడి వీపు చూస్తాడు.

కనుక కొత్త బాట సంగతి మలుపులో నిలబడే కుర్ర వలంటీరుకు తెలిసిందో లేదో మీరే వెళ్లి అడగండి. తలూపితే సరిపెట్టుకోక, ఎటు పంపుతావో చూపించమనండి. నీళ్ల టేబులు వేసేవారికి, ట్రాఫిక్ పోలీసుకు, ఆ వీధివారికి చెప్పండి. పాత బాణం గుర్తులు పీకించండి. అంబులెన్సు డ్రైవరు చేతిలో పాత మ్యాపు ఉంటే గుండె పట్టుకుని కూలినవాడి దగ్గరికి అతడు వేళకు చేరలేడు.

మళ్లీ కొలిచే వ్యవధి లేకుంటే, ఈసారి దూరానికి ధ్రువీకరణ లేదని పోటీకి ముందే ప్రకటించండి. బోస్టన్ మారథాన్‌కు అర్హత కోరేవారికి ధ్రువీకరించిన దారిలో వచ్చిన సమయమే పనికొస్తుంది. మన ఊళ్లలోనూ ఆ ఆశతో పరుగెత్తేవాళ్లున్నారు. ముందే తెలిస్తే వాళ్లు మరో పోటీ చూసుకుంటారు.

ఇంకొక్క విన్నపం. మీరు పెట్టిన గడువులోపల వస్తున్న ఆఖరి మనిషి దాటేదాకా, మార్చిన మలుపు దగ్గర కాపలా తీయకండి.