ఎందుకూ పనికిరాని పువ్వు

మన ఇళ్ళలో పువ్వు పూయకముందే దాని ఉద్యోగం ఖాయమైపోతుంది. మందారం, నందివర్ధనం, గన్నేరు దేవుడి గదికి. మల్లె, జాజి, కనకాంబరం జడకి. బంతి గుమ్మానికి. గుమ్మడిపువ్వు సంక్రాంతి నెలలో గొబ్బెమ్మ మీదికి. పారిజాతం రాత్రి పూసి తెల్లవారేసరికి నేల రాలిపోతుంది. అయినా సరే, కిందపడ్డ పువ్వు పూజకి పనికిరాదన్న నియమం నుంచి దానికి మినహాయింపు ఇచ్చి మరీ ఏరుకుంటాం. ఇక రాత్రివేళ విచ్చే బ్రహ్మకమలం సంగతి చెప్పనే అక్కర్లేదు. అసలు బ్రహ్మకమలం హిమాలయాల్లో ఉంటుందనీ, మన కుండీల్లోది వేరే జాతి మొక్క అనీ తెలిసినవాళ్ళు కూడా దానికి హారతిచ్చి, పక్కింటివాళ్ళని నిద్రలేపి చూపిస్తారు.

అందుకే, ఎవరింట్లోనైనా కొత్త మొక్క కనిపిస్తే "ఇదెందుకు పనికొస్తుందండీ?" అని అడగడం మనకి తప్పుగా తోచదు. మర్యాదగానే తోస్తుంది. కానీ ఆ ప్రశ్నకి జవాబు చెప్పలేని పువ్వు ఒకటుంది. దాన్ని గురించీ, ఆ ప్రశ్నని గురించీ కాస్త మాట్లాడుకుందాం.

దాని పేరు మూన్ ఫ్లవర్. చంద్రకాంత అనుకునేరు, కాదు. చంద్రకాంత సాయంత్రం నాలుగింటికి రంగురంగులుగా పూసే పొద. ఇది తీగ. మన చిలగడదుంపకీ, తూటికూరకీ, కాశీరత్నాల తీగకీ దగ్గర చుట్టం. పుట్టిల్లు మాత్రం అమెరికా ఖండంలోని వేడి ప్రాంతాలు. ఉమ్మెత్తని కూడా కొందరు ఇదే పేరుతో పిలుస్తారు. అది విషపు మొక్క కనక, గింజలు కొనేటప్పుడు తీగే అని రెండుసార్లు అడిగి మరీ తీసుకోండి. ఆకు ఇంచుమించు తమలపాకులా ఉంటుంది. పువ్వు తెల్లగా, చిన్న పళ్ళెమంత, నాలుగు నుంచి ఆరు అంగుళాల వెడల్పు. పళ్ళెం వెనక సన్నగా, పొడుగ్గా ఒక గొట్టం. పొద్దుగూకే వేళ విచ్చి, మర్నాడు ఎండెక్కేసరికి ముడుచుకుపోతుంది. మళ్ళీ విచ్చదు.

ఇప్పుడు దీనికి మన పరీక్ష పెట్టండి. తీరిగ్గా పూజకి కూర్చునే వేళకి వాడి వేలాడుతుంటుంది. మాల కడదామంటే రేకు కాయితం కన్నా పల్చన, వేలు తగిలితే నలుగుతుంది. తల్లో పెట్టుకుందామంటే అరచేయంత పువ్వు, అందులోనూ పూటైనా నిలవదు. పోనీ కంటికింపుగా చూసుకుందామా అంటే, అది విచ్చే వేళకి మనం వంటింట్లో కుక్కరు కూతలు లెక్కపెడుతూ ఉంటాం. అన్ని సబ్జెక్టులూ తప్పిందన్నమాట!

సబ్జెక్టులన్నీ తప్పినా, సేవలు మాత్రం కావాలి దీనికి. గింజ శనగగింజ కన్నా పెద్దది, పెంకు రాయి. అలాగే మట్టిలో వేస్తే నీళ్ళు లోపలికి దిగక, వారాల తరబడి ఉలుకూ పలుకూ లేకుండా పడుంటుంది. గోళ్ళు తీసుకునే కట్టరుతో పెంకుని ఒక పక్క రవ్వంత గిల్లాలి, లేదా గరుకు కాగితం మీద రుద్దాలి. గింజ మీద కన్నులాంటి మచ్చ ఒకటుంటుంది, అటువైపు మాత్రం వెళ్ళకూడదు. అదే మొలక వచ్చే దారి. తరవాత గోరువెచ్చని నీళ్ళలో రాత్రంతా నానబెడితే పెసలు నానినట్టు ఉబ్బుతుంది. ఒకరోజు దాటి నాననివ్వకండి, కుళ్ళిపోతుంది. వేళ్ళు కదిపితే దీనికి గిట్టదు కనక, పెరగవలసిన చోటే అరంగుళం లోతున నాటడం మంచిది. వారం, పదిరోజుల్లో చీలిక ఆకులు రెండు పైకొస్తాయి.

ఆ మీదట తీగ జోరు చూడాలి. దారం కట్టినా, వెదురు కర్ర పాతినా, పక్కన బట్టలారేసే తీగ కనిపించినా చుట్టేసుకుంటుంది. రోజుకి ఐదారు గంటలు ఎండ కావాలి, తడి ఆరకూడదు. ఎరువు ఎక్కువ పెట్టి ముద్దు చేస్తే ఆకులే ఆకులు, మొగ్గ వేయదు. పగళ్ళు కురచబడే కాలంలో పూస్తుంది కనక, మనవైపు తొలకరికి నాటితే దసరా, దీపావళి రోజులకి మొగ్గలు చూడొచ్చు.

మొగ్గ ముడిచిన గొడుగులా మెలితిరిగి ఉంటుంది. సాయంత్రం దీపాలు పెట్టే వేళ అది సన్నగా వణుకుతుంది. గాలి కూడా ఉండదు, అయినా వణుకుతుంది. ఆ మెలిక కొంచెం కొంచెంగా సడలి, ఉన్నట్టుండి విచ్చుకుంటుంది. ఈ విచ్చడమంతా కొద్ది నిమిషాల పని. చాలా పువ్వులు మనం నిద్రలేచేసరికి పూసి ఉంటాయి గానీ, పూస్తూండగా కళ్ళెదుట కనిపించేవి తక్కువ. స్టవ్ సిమ్‌లో పెట్టి వచ్చి నిలబడితే చూడొచ్చు.

మా పెద్దత్తగారు, అంటే మా అత్తగారి అక్కగారు, ఎనభై దాటాక కొన్నాళ్ళు మా ఇంట్లో ఉన్నారు. చూపు మందగించింది, చేతులు వణికేవి. అయినా పొద్దున్నే "ఏమైనా ఒలవాలా అమ్మాయ్?" అని అడిగేవారు. చిక్కుళ్ళ ఈనెలు తీయడమో, చింతపండులో గింజలు ఏరడమో ఏదో ఒకటి చేతికివ్వాలి. ఏమీ లేనినాడు పత్తి తీసుకుని వత్తులు చేసేవారు. ఏడాదికి సరిపడా వత్తులు డబ్బాల్లో నిండి ఉన్నా సరే, చేసేవారు. ఆవిడ ఈ తీగని చూసి ఒకనాడు నన్ను విచారణ చేశారు.

"దేవుడికి పెడతారుటే దీన్ని?"

"వాడిపోతుందండీ, పెట్టరు."

"తల్లో పెట్టుకుంటారా?"

"నిలవదండీ."

"మరెందుకే తల్లీ ఇంత పందిరి!"

నా దగ్గర జవాబు లేక నవ్వి ఊరుకున్నాను. కానీ నాలుగు రోజులయ్యాక, సాయంత్రం కాగానే తన కుర్చీ తీగ దగ్గర వేయించుకోవడం మొదలుపెట్టారు. చీకటిపడ్డాక నన్ను పిలిచి, "ఇవాళ ఏడు" అని చెప్పేవారు. మర్నాడు "తొమ్మిది". తెల్లటి పువ్వు కనక ఆ చూపుకి కూడా ఆనేది గాబోలు. మేమెవరం అడగలేదు, లెక్క అప్పజెప్పడం ఆవిడే ఉద్యోగంగా పెట్టుకున్నారు. ఊరికే చూస్తూ కూర్చోవడం ఆవిడ వల్ల కాలేదు. పువ్వుకి పని లేకపోయినా, పువ్వు దగ్గర తనకి ఒక పని ఉండాలి.

నాకది నవ్వొచ్చే సంగతిగానూ ఉండేది, గుండె కలుక్కుమనేదిగానూ ఉండేది. ఎందుకంటే ఆ ప్రశ్న పూలమొక్కల దగ్గర ఆగదు. "వాడెందుకూ పనికిరాడు" అంటాం చదువబ్బని కుర్రాణ్ణి. రిటైరైన మనిషిని "ఇంట్లో ఊరికే ఉంటున్నారు" అంటాం. ఆడవాళ్ళం మనమైతే ఆ కొలబద్దని కొంగున ముడివేసుకునే తిరుగుతాం. మధ్యాహ్నం ఒక గంట పడుకుంటే, ఎవరైనా అడక్కముందే "తలనొప్పిగా ఉండి..." అని సంజాయిషీ ఇచ్చుకుంటాం. నవల చదువుతూండగా ఎవరైనా వస్తే పుస్తకం బోర్లించి లేచి నిలబడతాం. ముప్ఫై ఏళ్ళు అలా బతికాక, చేతులు వణికే రోజొచ్చినప్పుడు, "నేనింక ఎందుకు పనికొస్తాను?" అనే భయం రాకేం చేస్తుంది? ఆ భయాన్ని ఎవరో పైనుంచి తెచ్చి పెట్టలేదు. కూరల బుట్టతో పాటు మనమే రోజూ కాస్త కాస్త మోసి తెచ్చుకున్నాం.

"అసలు పనికిరానిది ప్రపంచంలో ఏదీ లేదు, మనకి తెలియకపోవడమే" అని కొందరు ఓదార్పు చెబుతారు. అందులో నిజం లేకపోలేదు. ఈ తీగ సంగతే చూడండి. మెక్సికోలో ఎల్ మనాతీ అనే చోట క్రీస్తు పూర్వం 1600 నాటి రబ్బరు బంతులు దొరికాయి. రబ్బరు చెట్టు పాలు ఊరికే ఎండితే పెళుసుగా అయిపోతాయి. అక్కడి పూర్వులు ఆ పాలల్లో ఈ మూన్ ఫ్లవర్ తీగ రసం కలిపి, ఎగిరి గంతేసే బంతులు చేసుకునేవారట. ఆ రసం ఎలా పనిచేస్తుందో అమెరికాలో ఎం.ఐ.టి. పరిశోధకులు 1999లో వివరించారు. గుడ్ ఇయర్ అనే ఆయన రబ్బరుని గంధకంతో ఉడికించి గట్టిపరిచే పద్ధతి కనిపెట్టింది 1839లో. ఆయనకి మూడువేల ఏళ్ళకి పైగా ముందే వాళ్ళు ఈ తీగతో ఆ పని సాధించారన్నమాట!

ఈ కథ మా పెద్దత్తగారికి చెబితే "అలా చెప్పు మరి!" అని సంతోషించి ఉండేవారు. కానీ నాకు మాత్రం ఈ ఓదార్పు చాలదు. ఎక్కడో ఒక ఉపయోగం వెతికి చూపిస్తేగాని దేన్నీ బతకనివ్వం అనడమేగా ఇది? ఆ రసం బంతికి పనికిరాకపోయి ఉంటే తీగని పీకెయ్యాలా? మంచాన పడ్డ మనిషికి కూడా "పిల్లలకి కథలు చెబుతుంది కదా" అని ఉద్యోగం చూపిస్తేగాని మన మనసు ఒప్పుకోదా? కథలు చెప్పే ఓపిక కూడా లేని రోజు ఒకటి వస్తుంది. ఆ రోజు ఏం చెబుతాం?

పువ్వు సంగతికొస్తే, అది మన కోసం పూయడం లేదు. ఆ తెలుపూ, ఆ వాసనా, ఆ పొడుగాటి గొట్టం చీకట్లో తిరిగే ఒక పెద్ద రెక్కల పురుగు కోసం. దాని నాలుక గడియారం స్ప్రింగులా చుట్టుకుని ఉంటుంది. పువ్వు ముందు గాలిలో నిలబడి, నాలుక చాచి తేనె తాగుతుంది. ఇలాంటి పురుగుల్లో ఒక జాతి పిల్లలు గొంగళ్ళుగా ఉన్నప్పుడు ఈ తీగ ఆకులూ, చిలగడదుంప ఆకులూ తిని పెరుగుతాయి. తోకమీద చిన్న కొమ్ముంటుంది, వాటిని చూసి పోల్చుకోవచ్చు. మందు కొట్టి గొంగళ్ళన్నిటినీ చంపితే ఆకులు అందంగా ఉంటాయి, రాత్రి అతిథి రాదు. నాలుగాకులు చిల్లులు పడితే పడనివ్వడమే మేలు. వాళ్ళ మధ్య నడిచే ఆ వ్యవహారంలో మన పాత్ర నీళ్ళు పోసే మనిషి పాత్ర, అంతే. మన చేతుల మీదుగా పెరిగినంత మాత్రాన ప్రతిదీ మనకి బాకీ పడదని, ఈ తీగకి నీళ్ళు పోస్తుంటే కొంచెం కొంచెంగా తెలిసొస్తుంది. పిల్లల్ని పెంచినవాళ్ళకి ఈ మాట మరీ వివరించనక్కర్లేదు.

"బాగానే ఉందిలే, ఎండాకాలంలో వారానికి రెండు ట్యాంకర్లు కొనుక్కునేవాళ్ళకి ఈ వేదాంతం ఎందుకు?" అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. కరివేపాకు ఎండిపోతుంటే ఈ తీగకి బకెట్లు గుమ్మరించమని నేను చెప్పను. ఆకలికీ, అవసరానికీ మొదటి వంతు. పనికొచ్చే మొక్కలన్నీ నాటాకే దీని సంగతి. బియ్యం కడిగిన నీళ్ళతో దీన్ని గట్టెక్కించొచ్చు. కానీ ఇంత ఇంట్లో, ఇన్ని కుండీల్లో, ఇరవైనాలుగు గంటల్లో, లెక్క అడగని జాగా ఒక్క జానెడైనా ఉండాలంటాను. అలాంటి జాగాలో కొన్నాళ్ళు నీళ్ళు పోసిన చెయ్యి, మనుషుల్ని లెక్క అడగడానికి కూడా కొంచెం సంకోచిస్తుందని నా ఆశ. ముఖ్యంగా ఆ మనిషి మనమే అయినప్పుడు.

పూలు రాలాక తీగకి కాయలు కడతాయి. గోధుమరంగు తిరిగి, ఎండి గలగలలాడేదాకా ఆగి కోయండి. ఒక్కో కాయలో నాలుగు దాకా గింజలుంటాయి. తింటే మంచివి కావు కనక చిన్నపిల్లలకి అందని సీసాలో దాచండి. కొన్ని కాయితంలో పొట్లం కట్టి పక్కింటావిడకి ఇవ్వండి. ఎందుకు పనికొస్తాయని ఆవిడ తప్పకుండా అడుగుతుంది. పెంకు గిల్లి నానబెట్టమని మాత్రం చెప్పండి, చాలు.