మూతయు ముసుగును

అద్వైతులు మాయకు ఆవరణమనియు విక్షేపమనియు రెండు శక్తులను చెప్పి, ఉన్నదానిని కప్పునది మొదటిదనియు, లేనిదానిని చూపునది రెండవదనియు విభజించినది మొదలు, కప్పు అనునది మన తత్త్వవిచారమున దోషిగానే నిలిచియున్నది. ముసుగు తొలగుటయే జ్ఞానమను భావము మనకెంతగా అలవడినదనగా, కప్పియుంచదగినది ఏదైనను కలదా యను ప్రశ్నయే తోచదు. పండితగోష్ఠులచే ‘విద్వద్గద్వాల’ యని పేరుగాంచిన సీమలో నాకీ ప్రశ్న శాస్త్రసభలో గాక, పాత అంబాసిడరు కారు ముందుచక్రము విప్పు మేస్త్రీ చేతులయందు గోచరించినది.

ఆ కారు తయారీ 2014లోనే నిలిచిపోయినను, దానిని విడువలేనివారు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములలో ఇంకను కలరు. విజయదశమినాడు దాని చక్రములకు పసుపు కుంకుమలు పెట్టి నిమ్మపండ్లు త్రొక్కించువారిలో ఎందరు హబ్బు నడుమ నొదిగిన డస్టుక్యాపును చూచియుందురో చెప్పజాలను. దానిని తీయుటలో తొందరకు తావులేదు. సన్నని స్క్రూడ్రైవరు మొనను అంచు క్రింద చొనిపి, ఒకచోటనే బలముగ ఎత్తక, చుట్టును త్రిప్పుచు కొంచెము కొంచెముగ సడలింపవలెను. ఒకే వైపు పెకలించినచో పలుచని రేకు వంగి, మరల తన స్థానమున కుదురదు. లోపల నట్టు, దానిని తిరుగనీయక పట్టియుంచు స్ప్లిట్‌పిన్ను, వాషరు, వాని వెనుక బేరింగు. పాత గ్రీజు తుడిచి, బేరింగు కడిగి, క్రొత్త గ్రీజు పట్టించి, క్రొత్త పిన్ను వేసిన పిమ్మట మూతను నడిబొడ్డున సుత్తితో కొట్టి దింపువాడు మేస్త్రీ కాడు. అంచున కొయ్యముక్క ఆనించి, ఒక ప్రక్కకు ఒరగకుండ నలువైపుల మెల్లగా తట్టుచు దింపువాడే పనివాడు. మూతనిండ గ్రీజు కూరుటయు తప్పే. వేడికి వ్యాకోచించిన గ్రీజు లోపలి సీలును దాటి బ్రేకు డ్రమ్ములోనికి పోవును.

గద్వాలనుండి ఎఱ్ఱవల్లి మీదుగా, బీచుపల్లి యొద్ద కృష్ణను దాటి, వనపర్తికి పోవుచు ప్రక్కదారులు త్రొక్కినవారికి వేసవిదుమ్ము ఎట్టిదో తెలియును. అది గ్రీజులో కలిసెనా, కాపాడవలసిన గ్రీజే బేరింగును అరుగదీయు సానరాయి యగును. ఎద్దులబండి ఇరుసుకు ఇట్టి మూత లేదు. ఆముదములో మసి కలిపిన కందెన పూసి, దుమ్ముపడిన కొలది మరల పూయుచుండుటయే దాని వైద్యము. ఆముదపు పంటకు పేరుపడిన ఈ నేలలో కందెనకు కొఱత లేదు గనుక ఆ లోపము ఎవరికిని లోపముగ తోచలేదు కాబోలు.

దుమ్మును ఆపు ఆ మూతను మనసున నుంచుకొని శాస్త్రమునకు మరలుదము. ఈశావాస్యోపనిషత్తులో సత్యముఖము బంగారుమూతతో కప్పబడియున్నది. సాధకుడు దానిని పగులగొట్టబూనడు. తొలగింపుమని సూర్యుడగు పూషుని ప్రార్థించును. ఆ మూత జ్యోతిర్మయమగు సూర్యమండలమేయని భాష్యకారులు చెప్పుదురు కావున, కప్పుచున్నవానినే విప్పుమని వేడుట యన్నమాట. ఇక గీత మూడవ అధ్యాయమున, కామము జ్ఞానమును కప్పు తీరునకు పొగ కప్పిన నిప్పు, మలినము కప్పిన అద్దము, మావి కప్పిన గర్భము అను మూడు ఉపమానములు కలవు. వ్యాఖ్యాతలలో కొందరు వీనిని ఆవరణ తారతమ్యమునకు నిదర్శనములుగ చెప్పిరి. కాని మూడవది తక్కిన రెంటి జాతికి చెందినదని నాకు తోచదు: పొగయు మలినమును తొలగినంతనే మేలు, మావి అకాలమున తొలగినచో శిశువే దక్కదు.

దీనిపై అద్వైతి, సత్యమునకు దుమ్ము అంటునా, దానికి మూత యేల, యని ఆక్షేపింపవచ్చును. సత్యమునకు అక్కఱలేదు, ఇంకను పరిపక్వము కాని సాధకుని మనస్సునకు అక్కఱ కలదు. అంతకంటె గట్టి ఆక్షేపణ వేఱొకటి కలదు. రక్షణ పేరిటనే గదా వేదమును స్త్రీలకును శూద్రులకును వినరాకుండ మూసిరి? ఈ ప్రశ్నను దాటవేయుట నిజాయితీ కాదు. మేస్త్రీ బిగించు మూత దుమ్మును ఆపును గాని చేతిని ఆపదు. పనిముట్టు పట్టి, ఓర్పుతో చుట్టును సడలింప నేర్చినవాడు ఏ కులమువాడైనను అది ఊడివచ్చును. ధర్మశాస్త్రకారులు పెట్టిన మూత దుమ్మును విచారింపలేదు, చేతినే విచారించినది. మావిని సమర్థించు న్యాయముతో ఆ మూతను సమర్థింపజూచు పండితులు నేటికిని కలరు. వారి వాదము ఇచ్చట నిలువజాలదు.