ఓడ దిగినవాడికి కాణి భూమి



జర్మనీ రేవుల్లో కళాసీగా ఓడ ఎక్కి, ఎక్కడో అమెరికాలో ఒక చిన్న ఊళ్ళో పెద్ద ఆసామిగా కన్నుమూసిన మనుషులు పంతొమ్మిదో శతాబ్దంలో చాలామందే ఉన్నారు. 1849లో కాలిఫోర్నియా బంగారం మాట చెవిన పడగానే శాన్‌ఫ్రాన్సిస్కో రేవులో కళాసీలు దిగి చక్కా పోయారు. వందల ఓడలు నడిపేవాడు లేక ఆ నీళ్ళలోనే నానాయి. 1862లో లింకన్ సంతకం పెట్టిన చట్టం ఒకటి వచ్చింది. ఈ దేశపు పౌరుణ్ణవుతానని రాసిచ్చిన పరదేశికి కూడా 160 ఎకరాలు ఇస్తామంది. అయిదేళ్ళు అక్కడే కాపురముండి సాగు చెయ్యాలి, అంతే. ఆ నేల అంతకుముందు ఎవరిదో ఆ చట్టం అడగలేదు. అది మరో పొద్దుటి ప్రసంగం.

ఈ కథలు చదివినప్పుడల్లా నాకు చీరాల పక్కనున్న మా పేరాలకు దగ్గరలోనే ఉన్న మోటుపల్లి గుర్తొస్తుంది.

ఇప్పుడు మోటుపల్లి వెళితే సరుగుడు తోటలు, ఇసుక, పాత గుళ్ళు. ఒకప్పుడు కాకతీయుల పెద్ద రేవు అదే. వెనిస్ వర్తకుడు మార్కో పోలో తన పుస్తకంలో రాసుకున్న రేవు. అంతకు ముందే, 1244లో, కాకతీయ రాజు గణపతిదేవుడు అక్కడ ఒక అభయ శాసనం వేయించాడు. అప్పటిదాకా రివాజు ఏమిటంటే, గాలివానకు కొట్టుకొచ్చి మన ఒడ్డున పగిలిన ఓడలో సరుకు రాజుది. ప్రాణాలతో బయటపడ్డవాడికి కట్టుబట్టలే మిగిలేవి. గణపతిదేవుడు దాన్ని మాన్పించాడు. సుంకం ముప్పైకి ఒక వంతు, అంతకు మించి ముట్టనన్నాడు. చందనం, కర్పూరం, పన్నీరు, దంతం, పగడం, మిరియం, పోక... ఏ సరుకుకు ఎంతో లెక్క కూడా రాతి మీదే ఉంది.

ఇది అందరికీ తెలిసిన శాసనం. నాకు దీనికంటె ఇష్టమైంది దాని తరవాతది. 1358లో కొండవీటి అనపోతారెడ్డి వేయించాడు. తండ్రి ప్రోలయ వేమారెడ్డి అద్దంకిలో ఉండి ఏలితే, కొడుకు కొండవీడు చేరాడు. కాకతీయులు పోయాక రేవు పాడుబడింది. వర్తకులు మళ్ళీ రావాలి. ఎలా రప్పించాలి? తెలుగులోనే కాక తమిళంలోనూ చెక్కించాడు. మన రైల్వే స్టేషన్ బోర్డుల్లా అన్నమాట, చదవాల్సినవాడి భాషలో.

అందులో ఏముందంటే, సముద్రం మీద వచ్చి మోటుపల్లిలో కాపురముండేవాళ్ళను ఆదరిస్తాం, వాళ్ళకు కాణి భూమి, అంటే సొంత హక్కున్న నేల, ఇస్తాం. బంగారం, వెండి మీద సుంకం ఉండదు. చందనం మీద తగ్గిస్తాం. ఇంకొకటి, అపుత్రిక దండం రద్దు.

ఈ మాట దగ్గర కొంచెం ఆగుదాం. మగసంతానం లేకుండా ఎవరైనా చనిపోతే ఆస్తి ఖజానాకు పోవడం అప్పటి రివాజు. ఊళ్ళో పుట్టి పెరిగినవాడికే అది పిడుగు. ఇక పెళ్ళాం బిడ్డల్ని ఏ దూరదేశంలోనో వదిలి వచ్చిన ఓడవాడి సంగతి చెప్పేదేముంది? ఇక్కడ జ్వరం తగిలి పోతే, జీవితమంతా కూడబెట్టింది తెల్లారేసరికి దివాణం పాలు. ఆ భయం తీర్చకుండా ఎన్ని ఎకరాలు ఇస్తే మాత్రం ఎవడు దిగుతాడు? ఈ సంగతి గ్రహించినవాడెవడో ఆ దర్బారులో ఉండి ఉండాలి. వర్తకుడి గుండెలో గుబులు తెలిసిన మనిషి.

ఆ ఇసుకలో భూమి తీసుకుని ఏం చేసుకుంటారని అడగవచ్చు. మొన్న కార్తీకంలో అటు వెళ్ళినప్పుడు ఒక పెద్దాయన దొరువులో దిగి ఉన్నాడు. దొరువంటే ఇసుకలో తవ్విన గుంట. ఒడ్డు జారకుండా ఏటవాలుగా తీస్తారు. అడుగున జానెడు నీళ్ళు, అద్దంలా. రెండు చేతులా రెండు కుండలు ముంచుకుని ఎక్కి, మొక్కల మీద చిలకరించి, మళ్ళీ దిగుతున్నాడు. "గుంట ఇంకొంచెం లోతు తీయరాదా తాతా, ఇన్నిసార్లు ఎక్కి దిగడం తప్పుతుంది గదా" అన్నాను. "లోతు జేస్తే సముద్రం పైకొచ్చుద్ది బాబూ" అన్నాడు. నిజమే. వాన కురిసి ఇంకిన తీపి నీరు తేలిక. కిందున్న ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. పైపైన తోడుకున్నంత కాలం అది మనది. ఓడ దిగి కాణి పుచ్చుకున్నవాడు ఇక్కడ సాగు నేర్చుకోవాలంటే ముందు నేర్వాల్సిన పాఠం ఇదే.

అందరూ దిగి ఉండిపోయే రకం కాదు. మన రేపల్లె దగ్గరి నిజాంపట్నానికి, అప్పటి పెదపల్లికి, 1611 ఆగస్టులో గ్లోబ్ అనే ఓడ వచ్చింది. ఈ తీరానికి ఇంగ్లీషు కంపెనీ పంపిన మొదటి ఓడ అది. అందులోని పెద్ద వర్తకుల్లో ఒకడు పీటర్ ఫ్లోరిస్. బాల్టిక్ తీరంలో అప్పట్లో జర్మన్ మాటలాడే ఎల్బింగ్ రేవు అతని అసలు పేరులోనే ఉంది. డచ్చివాళ్ళ కొలువు చేసి, అది వదిలి ఇంగ్లీషువాళ్ళ దగ్గర చేరాడు. అతనికి కావలసింది నేల కాదు, చిరివేరు ఎరుపు అద్దిన మన గుడ్డలు. 1614లో బందరులో బాకీలు వసూలు కాక, అక్కడి అధికారి కొడుకుని పట్టుకుని ఓడెక్కించాడు. ఆ కుర్రవాడు పరాయి ఓడ మీద తిండి ముట్టలేదు. బాకీ వసూలైంది. మరుసటి ఏడు లండన్ చేరి, ఆ ఏడే పోయాడు ఫ్లోరిస్. గుడ్డల మూటలైతే తీసుకెళ్ళాడు గాని, ఈ గడ్డ మీద అతనికంటూ అడుగు నేల లేదు.

ఇక ఉన్న నేలనే వదిలి పోయినవాళ్ళ సంగతి, మా పేరాలది. ప్రభుత్వం వారు చీరాలను, పేరాలను కలిపి మునిసిపాలిటీ చేసి, పన్ను మోపి, కట్టకపోతే జైలన్నారు. 1921లో నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట మీద పదమూడు వేల మందికి పైగా ఇళ్ళు వదిలి ఊరి బయటికి పోయారు. పాకలు వేసుకుని దానికి రామనగర్ అని పేరు పెట్టుకున్నారు. సుమారు పదకొండు నెలలు ఎండకూ వానకూ అక్కడే ఉన్నారు. నాయకుణ్ణి జైల్లో పెట్టారు.

పోయేవాళ్ళ మాట వచ్చింది గనక, అనపోతారెడ్డి శాసనంలో నేను ఇందాక చెప్పకుండా దాటేసిన మాట ఒకటుంది. కాణి భూమి ఇస్తామన్న వెంటనే, వీళ్ళు మరో చోటికి పోతామంటే అడ్డుపెట్టం, సరుకు పట్టుకోం, పంపిస్తాం అని కూడా చెక్కించాడు. చీరాల వైపు వస్తే మోటుపల్లి దాకా ఒకసారి వెళ్ళి రండి.