ఐదో కారణం

వరి కోతలు దగ్గరపడుతున్నాయంటే ఖమ్మం జిల్లా వైరా చుట్టుపక్కల వెల్డింగ్ షాపుల్లో ఒక రకం బేరం మొదలవుతుంది. జలాశయం కింది మాగాణి తడిగా ఉంటుంది. అందులో టైర్ల హార్వెస్టర్ కూరుకుపోతుంది కాబట్టి చైన్ మిషన్ దించాలి. అదే చైన్ మిషన్‌ను తారు రోడ్డు మీద నడిపిస్తే రోడ్డు చెడుతుంది, చైనూ అరిగిపోతుంది. ఊరి నుంచి ఊరికి దాన్ని ఇంకో బండి మోసుకుపోవాల్సిందే. కంపెనీ లోబెడ్ ట్రెయిలర్ కొనే స్తోమత అందరికీ ఉండదు. పాత లారీ ఇరుసులు, తుక్కులో దొరికిన చానళ్ళు, కమాన్ పట్టీలు తెచ్చి 'దీంతో ఒక ట్రెయిలర్ కట్టు' అని మేస్త్రీ ముందు పడేస్తారు.

చైన్ హార్వెస్టర్ సుమారు మూడు టన్నులు తూగుతుంది. కట్టాక యజమాని దాంతో ఆగడు. రేపు ఏడున్నర టన్నుల జేసీబీ కిరాయి వస్తుంది. ఎల్లుండి సత్తుపల్లి, కొత్తగూడెం ఓపెన్‌కాస్ట్ గనుల వైపో, ఖమ్మం గ్రానైట్ క్వారీలకో పోయే ఇరవై టన్నుల ప్రొక్లెయిన్ కబురు రావచ్చు. దేనికోసం కట్టారో అది ఒకటి, దాని మీద ఎక్కేది ఇంకొకటి.

రోడ్డెక్కే ముందు పూజ తప్పదు. ఇరుసుకు పసుపు, బెడ్ మీద కుంకుమ బొట్లు, చక్రాల కింద నిమ్మకాయలు, ముందు గుమ్మడికాయ. దసరాకు ఆయుధపూజ, సెప్టెంబరు 17న విశ్వకర్మ పూజ ఎలాగూ ఉన్నాయి. దీన్ని మూఢనమ్మకమని తోసేయడం తేలిక. కానీ కట్టినవాడూ కొన్నవాడూ నడిపేవాడూ ఒక్కచోట నిలబడి చేతులు జోడించేది ఆ కాసేపే. ఆ కాసేపట్లో దేవుణ్ణి ఏం అడుగుతున్నారన్నదే అసలు ప్రశ్న. బండిని కాపాడమనా? కట్టినవాడు వదిలేసిన పనిని నువ్వు చూసుకోమనా?

రెండోదే అడుగుతున్నామని చాలాసార్లు మన మాటల్లోనే బయటపడుతుంది. 'మన పని మనం చేశాం, ఆపైన ఆయన దయ' అంటాం. ఫలం మీద ఆశ వదులుకోమని కృష్ణుడు చెప్పాడు కదా అని గీతను సాక్ష్యానికి పిలుస్తాం. ఆ సాక్ష్యం మాత్రం ఎదురు తిరుగుతుంది. పద్దెనిమిదో అధ్యాయంలో ఏ పనికైనా ఐదు కారణాలు చెప్పారు: అధిష్ఠానం, కర్త, కరణం, చేష్ట, దైవం. దైవం వరసలో ఐదోది. అధిష్ఠానమంటే శరీరమని శంకరులు వ్యాఖ్యానించారు. షాపు లెక్కలో దాన్ని బరువును మోసే చట్రం అనుకోవచ్చు. కర్త మేస్త్రీ. కరణాలు వెల్డింగ్ మిషను, రాడ్లు, గ్రైండరు. చేష్ట ఆయన చేతి పని. ఈ నాలుగూ సరిచూసుకున్నాకే ఐదోదాని మీద భారం వేసే అర్హత వస్తుంది. అదే అధ్యాయంలో ఇంకొంచెం ముందుకు వెళ్తే మరింత కఠినమైన మాట కనిపిస్తుంది. వెనకాల ఏం జరుగుతుందో, ఎంత నష్టమో, ఎవరికి హింసో, తన శక్తి ఎంతో చూసుకోకుండా మోహంతో మొదలుపెట్టిన పనిని గీత తామసమంటుంది. ఓవర్‌లోడుకు ఇంతకన్నా సూటి నిర్వచనం రవాణా చట్టాల్లోనూ దొరకదు. వదులుకోవాల్సింది లాభం మీద మమకారం. పర్యవసానం మీద బాధ్యతను వదులుకోమని ఎక్కడా లేదు.

ట్రెయిలర్‌లో ఆ పర్యవసానం దాక్కునే చోట్లు కంటికి ఆనవు. అతుకు పైన నున్నగా మెరుస్తుంటుంది, లోపల రెండు ఇనుములూ కరిగి కలిసి ఉండవు. రంగు వేశాక అది కట్టినవాడికి తప్ప ఇంకెవరికీ తెలియదు. ప్రధాన దూలం కింది అంచుకు అడ్డంగా ఒక అతుకు వేస్తే ఆ రోజుకు బలంగానే అనిపిస్తుంది. బరువు పడినప్పుడల్లా సాగేది సరిగ్గా ఆ అంచే కాబట్టి వేల కుదుపుల తర్వాత పగులు అక్కడే పుడుతుంది. ఇరుసును ఎక్కడ బిగించాలన్నది ఇంకా సున్నితమైన విషయం. ఒంటి ఇరుసు ట్రెయిలర్‌లో బరువులో కొంత భాగం, సుమారు పదోవంతు, ముందు హుక్కు మీద పడాలి. బరువు వెనక్కి జరిగితే వేగం పెరిగే కొద్దీ ట్రెయిలర్ అటూ ఇటూ ఊగి, లాగే బండినే ఈడ్చేస్తుంది. ఇక బ్రేకుల సంగతి. ట్రాక్టర్ వెనక కట్టే ట్రక్కుల్లో చాలావాటికి అవి ఉండవు. దిగుడు రోడ్డులో వెనక బరువు ముందుదాన్ని తోస్తుంది. చట్టం దృష్టిలో ఇంజను లేని ట్రెయిలర్ కూడా మోటారు వాహనమే. 2018 జులైలో కేంద్రం ఇరుసు బరువుల పరిమితి పెంచాక కూడా నాలుగు టైర్ల ఒంటి ఇరుసుకు అనుమతి 11.5 టన్నులు. పైగా అది కంపెనీ లెక్కగట్టి చేసిన ఇరుసుకు, ఎన్నేళ్ళు తిరిగిందో తెలియని తుక్కు ఇరుసుకు కాదు.

బ్రేకు బిగిస్తే భక్తి తగ్గుతుందేమోనని సందేహించేవారు తమిళనాడులోని తిరువారూరు వైపు చూడవచ్చు. త్యాగరాజస్వామి రథం అలంకరణతో కలిపి సుమారు 300 టన్నులు. అంత బరువును తరతరాలుగా చక్రాల కింద కొయ్య దిమ్మెలు వేసి ఆపేవారు, మలుపు తిప్పేవారు. తర్వాత తిరుచ్చి బీహెచ్ఈఎల్ దానికి ఇనుప చక్రాలు, హైడ్రాలిక్ బ్రేకులు అమర్చింది. సాక్షాత్తూ దేవుడు ఎక్కే బండికే బ్రేకు అపచారం కానప్పుడు హార్వెస్టర్ ఎక్కే బండికి ఎలా అవుతుంది?

ఇతర మతాలూ, ఇతర దేశాల ఇంజనీర్లూ ఈ ప్రశ్నను ఎదుర్కొన్నారు. కొత్త ఇల్లు కట్టేవాడు మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టాలనీ, ఎవరైనా జారిపడితే ఆ రక్తదోషం ఆ ఇంటిదేననీ బైబిలు ద్వితీయోపదేశకాండం శాసిస్తుంది. కెనడాలో 1907లో క్విబెక్ వంతెన కడుతుండగానే కూలి 75 మంది చనిపోయారు. 1925 నుంచి అక్కడి ఇంజనీర్లు ఒక ప్రమాణం చేసి, పనిచేసే చేతి చిటికెన వేలికి ఇనుప ఉంగరం ధరిస్తున్నారు. మన ఆయుధపూజకు అది దూరపు చుట్టమే. తేడా ఒకటుంది. వాళ్ళు తాము ఏం చేస్తామో మాట ఇస్తారు. మనం ఎక్కువగా వరం అడుగుతాం.

వరం అడగడం తప్పని కాదు. 2020 జూన్ 17న వేదాద్రి నరసింహస్వామిని దర్శించుకుని తిరిగొస్తున్న ఖమ్మం జిల్లా పెద్దగోపవరం భక్తుల ట్రాక్టర్‌ను లారీ ఢీకొని 12 మంది ప్రాణాలు పోయాయి. గుడికి వెళ్ళొచ్చినవాళ్ళకే ఇలా ఎందుకు జరిగిందని ఆ ఇళ్ళలో ఎవరైనా అడిగితే దానికి శాస్త్రం చూపి జవాబు చెప్పబోవడం క్రూరత్వం. ఆ ప్రశ్నను వాళ్ళకు వదిలేయాలి. మిగిలినవాళ్ళు అడగాల్సింది వేరే ఉంది: మనుషులు కూర్చోవడానికి కట్టని ట్రక్కులో మనుషుల్ని ఎక్కించడం మనకు ఎందుకింత మామూలైపోయింది?

పొట్టకూటి మాట తీసేయలేం. 'నేను కట్టనంటే పక్క షాపువాడు కడతాడు' అన్న మేస్త్రీ మాట నిజమే. ఇరుసు మార్చమంటే, బ్రేకు పెట్టమంటే బేరం పోతుంది. అందుకే దోషమంతా ఆయన నెత్తిన రుద్దడం అన్యాయం. చేసినవాడు, చేయించినవాడు, ప్రేరేపించినవాడు, సరేనన్నవాడు నలుగురూ పుణ్యపాపాల్లో సమాన భాగస్తులని పెద్దలు చెప్పే లెక్క ఒకటుంది. ఆ లెక్కన చేయించినవాడు ట్రెయిలర్ యజమాని. మూడు టన్నులకు కట్టినదాని మీద ఏడున్నర టన్నులు ఎక్కించమనే కాంట్రాక్టరు, 'ఈ రాత్రికే మిషన్ నా చేలో ఉండాలి' అని తొందరపెట్టే రైతు ప్రేరకులు. గుమ్మడికాయ కొట్టేటప్పుడు చుట్టూ నిలబడి ఎంత బరువుకు కట్టారని అడగనివాళ్ళు నాలుగో వాటాదారులు. మేస్త్రీ తన వంతుగా మోయగల బరువును బెడ్ పక్కన పెద్ద అంకెల్లో రాయవచ్చు, దానికి ఖర్చు డబ్బాలో అడుగున మిగిలిన రంగు. గట్టి ఇరుసుకూ బ్రేకులకూ అయ్యే సొమ్ము మాత్రం యజమాని, కాంట్రాక్టరు, రైతుల జేబుల్లోంచి, కిరాయిలో కలిసి రావాలి.