తెల్లారిందని చెబితే చాలు

మమ్మల్ని అడక్కుండానే మా మీద సినిమాలు తీశారు. సాయిబంటే నమ్మకస్తుడైన నౌకరు, కాదంటే బాంబులు పెట్టేవాడు. వికలాంగుల గతీ అంతే. ఏడిపించడానికి గుడ్డివాడు, నవ్వించడానికి నత్తివాడు. 1975లో వచ్చిన 'షోలే'లో మేమూ వాళ్లూ ఒకే మనిషిలో కలిశాం. చూపులేని ఇమాం సాబ్. కొడుకు శవం ముందున్నా ఊరి మేలే కోరతాడు. ఆ వేషం వేసింది ఎ.కె. హంగల్, కాశ్మీరీ పండిట్, చూపున్న మనిషి. గొప్పగా నటించాడు, కాదనం. మా దుఃఖం తెరకు పనికొచ్చింది, మా మనిషి పనికిరాలేదు.

తెలుగులో 1985 నాటి 'మయూరి'లో కాలు పోగొట్టుకున్న సుధాచంద్రన్ తన కథలో తనే నటించింది. 'ఊపిరి' (2016)లో చక్రాల కుర్చీ నాగార్జునకే దక్కింది. 'రాజా ది గ్రేట్' (2017)లో అంధుడు రవితేజ. నటనంటేనే ఇంకొకరు కావడం కదా అంటారు. సరే, చూపులేని నటుడికి చూపున్నవాడి వేషం ఎవరిస్తారు? దారి ఒకవైపే నడుస్తున్నప్పుడు దాన్ని కళాస్వేచ్ఛ అంటే ఎట్లా ఒప్పుకుంటాం?

మా జహీరాబాదు పక్కన మాచ్‌నూర్‌లో 2008 అక్టోబరు 15న సంఘం రేడియో మొదలైంది. మైకు ముందు కూర్చున్నవాళ్లు జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ. ఇద్దరూ దళితులు. అప్పటిదాకా వాళ్ల కథలు ఇతరులు చెప్పారు. ఆ రోజు నుంచి వాళ్ల యాసలో, వాళ్ల జొన్నచేలూ విత్తనాల ముచ్చట్లూ వాళ్లే చెప్పుకున్నారు. అర్హత ఎవరు నిర్ణయిస్తారన్న ప్రశ్నకు మా నేల మీద దొరికిన జవాబు ఇది.

మా దీన్‌లో దొరికేది ఇంకా పాతది. మదీనాలో అజాన్ ఇచ్చే బాధ్యత ప్రవక్త ఇద్దరికి అప్పగించారు. ఒకరు బానిసత్వం నుంచి బయటపడిన నల్లజాతి హజ్రత్ బిలాల్. మరొకరు హజ్రత్ ఇబ్న్ ఉమ్మె మక్తూమ్, చూపులేనివారు. ఊరందరినీ లేపే గొంతు ఆయనది. తెల్లవారడం ఆయనకు కనిపించదు కదా! పక్కవాళ్లు 'తెల్లారింది' అని చెప్పేవారు, ఆయన అజాన్ ఇచ్చేవారు. హదీసులో ఉన్న మాటే ఇది. ఆయనకు కావలసిన సాయం అంతే. అందుకని ఆ పని ఇంకొకరికి మార్చలేదు.

2016 చట్టం ఇలాంటి ఏర్పాటునే హక్కుగా రాసింది. సర్కారు కొలువుల్లో 4 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. ప్రైవేటు యజమానులకు మాత్రం ప్రోత్సాహకాలు చూపి ఊరుకుంది. చానళ్లూ స్టూడియోలూ ఎక్కువగా ఉన్నది ఆ రెండో గట్టునే. పేరును మాత్రం 'దివ్యాంగులు' అని మార్చారు. బిరుదుతో పూట గడవదు.

రంజాన్‌లో చూపులేనివాడు గడప ముందుకొస్తే సవాబు దొరికిందని మురిసేవాళ్లు మనలోనూ ఉన్నారు. అదే మనిషి రేపు వార్తలు చదువుతానని దరఖాస్తు పట్టుకొస్తే మన పత్రికలవాళ్లు, మన చానళ్లవాళ్లు ఏమంటారు? చేతిలో చిల్లర పెడతారా, కుర్చీ చూపిస్తారా?